మంచులో ఉగ్గాని తిన్న పిట్టలు

మాటలు కోటలు దాటుతాయి, కాలు గడప దాటదు అంటారు గానీ, ఆ సామెత కట్టినవాడు ఎమ్మిగనూరు తిక్కయ్యను చూడలేదు. తిక్కయ్య కాలు కూడా గడప దాటుతుంది. దాటి ఎటు పోయిందో, ఎందాక పోయిందో మాత్రం ఆయన నోటితో చెప్పిందే మనకు ఆధారం. పోయిన ఏడాది దీపావళి కాగానే సంచి భుజాన వేసుకుని మాయమై, ఉగాది ముందర మళ్ళీ వీధిలో తేలాడు. "యాడికి పోయినావప్పా?" అని అడిగితే "మనాలికి, ఎగ్జిబిషన్లో దుప్పట్లు అమ్మేదానికి" అన్నాడు.

అప్పటి నుంచి నేతగాళ్ళ వీధి మొదట్లో ఉన్న కస్తూరమ్మ టీ అంగట్లో మంచు పడుతూనే ఉంది. నడి ఎండాకాలం, రోడ్డు మీది తారు చెప్పులకు అంటుకునే రోజుల్లో కూడా తిక్కయ్య బెంచీ మీద కూర్చుని "అబ్బ, ఆడ సలి" అని చేతులు రుద్దుకునేవాడు. కస్తూరమ్మ ఆయనకు స్వయానా అక్క. తమ్ముడి కోతలు విని విని ఆవిడ చెవులు కాయలు కాశాయి. అయినా కోతలకు గ్యాసు ఖర్చు లేదు, పాల ఖర్చు లేదు. పైగా వినేవాళ్ళు ఒక టీ తాగేచోట రెండు తాగుతారు. పోనీలే అనుకునేది.

ఈ రోజు పోనీలే అనుకోవడానికి లేదు. అంగడి ముందు మంజునాథ్ ఆటో నిలబడి ఉంది. దాని వెనక సీటు నిండా ఒకటే మూట. ఆవిడ కొడుకు వీరేష్ వానలు మొదలైనప్పటి నుంచి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని నేసిన దుప్పట్లన్నీ ఆ మూటలోనే ఉన్నాయి. తిక్కయ్య వాటిని మనాలికి తీసుకుపోయి అమ్ముకొస్తానన్నాడు. ఈ టీ తాగడం అయిపోగానే ఆటో ఆదోని స్టేషనుకు పోతుంది, అక్కడి నుంచి రైలు. ఆ మూట తిరిగి రాకపోతే, దాని బదులు ఏమీ రాకపోతే, మళ్ళీ నూలు తెచ్చుకునే దారి లేదు. మగ్గం ఆగిపోతుంది.

"ఇంకొంచెం ఆలోసన సెయ్యి నాయనా" అని నిన్నంతా కొడుకును బతిమాలింది. "మామ కాకపోతే మనకెవరుండారుమా?" అన్నాడు వీరేష్. నాలుగేళ్ళ కింద ఇదే తమ్ముడు ఆవిడ కుట్టుమిషను రిపేరుకని గుంతకల్లు తీసుకుపోయాడు. ఇప్పటికీ అది అక్కడ రిపేరవుతూనే ఉంది. అట్లని తోడబుట్టినవాణ్ణి కొడుకు ముందర అబద్ధాలకోరు అని ఎట్లా అంటుంది? పుట్టింటి వైపు మిగిలింది వాడొక్కడే. రేపు వీరేష్ పెళ్ళయితే మేనమామగా పీటల దగ్గర నిలబడాల్సింది వాడే. నాలుగు మాటలని వాణ్ణి పోగొట్టుకుంటే, తనకు పుట్టిల్లనేది ఇక ఉండదు. అందుకే నోరు మూసుకుని పాలలో అల్లం దంచి వేస్తూ కూర్చుంది.

బెంచీ మీద పుల్లన్న కూడా ఉన్నాడు. ముసలి నేతగాడు. పళ్ళన్నీ పోయాయి గానీ నాలుకకు పదును పోలేదు.

"తిక్కన్నా, ఆడ మంచులో పిట్టలుంటాయంటివి గదా. అంత సలిలో అవి ఎట్ల బతుకుతాయన్నా?" అని మంజునాథ్ అడిగాడు. ఆటోవాళ్ళలో ఇంత అమాయకుణ్ణి ఎమ్మిగనూరు ఇదివరకు చూడలేదు.

తిక్కయ్య గ్లాసు కింద పెట్టాడు. అది కథకు గుర్తు.

"నేనేమీ గొప్ప సెప్పుకోనప్పా, ఉన్నది సెప్తా. ఎగ్జిబిషనోళ్ళు నాకొక ఇల్లు సూపిచ్చినారు, ఎనకాల ఇంత పెరడు. తెల్లారి తలుపు తీస్తే ఏముంది, పెరడు లేదు! యాడ సూసినా తెలుపే. గోడ లేదు, నీళ్ళ తొట్టి లేదు, నేను వాకిట్ల ఇడిసిన సెప్పులు లేవు. ఆ తెలుపు మద్దిన ఒకే ఒక పిచ్చుక, ఈకలన్నీ ఉబ్బిచ్చుకొని, నిమ్మకాయంత పిట్ట బత్తాయంత అయ్యి కూర్చోనుంది. వణుకుతాంది. నా పేగు కదిలింది. మనం ఇంటి ముందరికొచ్చినోళ్ళను పస్తు పంపేటోళ్ళమా? సంచిలో బొరుగులుండె. గుప్పెడు తీసి ఇసిరినా."

"తినిందా?"

"ఎట్ల తింటాదప్పా? బొరుగులు తెలుపు, మంచు తెలుపు. పాపం ఆ పిట్ట బొరుగుల మీద నిలబడి బొరుగుల కోసం ఎతుకుతాంది. నేను ఊరకుంటానా? లోపలికి పోయినా. బొరుగులు నానబెట్టి, ఎర్రగడ్డ కోసి, పచ్చిమిరపకాయ నూరి, ఇంత పసుపేసి ఉగ్గాని సేసినా. పెరట్లో సల్లినా. తెల్లటి మంచులో పచ్చగ ఉగ్గాని! అప్పుడు ఆ పిట్టకు కండ్లు కనపడె."

ఇంతదాకా ఎవరికీ పేచీ లేదు. పుల్లన్న కూడా తల ఊపాడు. కస్తూరమ్మకు మాత్రం తమ్ముడి పద్ధతి తెలుసు. నీళ్ళు కలిపేవాడు కూడా మొదటి చెంబు మంచి పాలే పోస్తాడు.

"ఆ తర్వాత ఏమైందో తెల్సునా? మర్నాడు తలుపు తీస్తే గోడ నిండా పిట్టలు. ఆ మర్నాడు పెరడు పట్టలే. నల్లవి, ఎర్రవి, జుట్టు ఉన్నవి, బారెడు తోకవి, అన్నీ లైనుగా నిలబడి ఉండాయి. ముందర ముసిలి పిట్టలు, వాటెనక పిల్లల తల్లులు, ఆఖర్న వయసు పిట్టలు. ఏదన్నా ముందుకు తోసుకుంటే పక్కది ముక్కుతో ఒగటి పొడిసి ఎనక్కి పంపుతాది. మన రేషనంగడి కాడ మనుషులు పోయి ఆ పిట్టల కాడ నేర్సుకోవల్ల."

"అది సరేప్పా, బజ్జీ లేకుండా ఉగ్గాని ఏంది? పిట్టలైతే మాత్రం మర్యాద వద్దా?" అన్నాడు పుల్లన్న.

అది పొగడ్త కాదని మంజునాథ్‌కు కూడా తెలిసింది. తిక్కయ్యకు తెలియలేదు. తొడ చరిచాడు.

"సరిగ్గ అదే అడిగెనప్పా! ఉగ్గాని తింటాండాయి, తలకాయ పక్కకు తిప్పి నా సెయ్యి దిక్కు సూస్తాండాయి. ఏందిరా వీటి బాధ అనుకుంటి. తర్వాత తట్టె. బాండ్లి పెట్టి మిరపకాయ బజ్జీ ఏసినా. గుంటూరు కాయ కాదు, ఆ సి.బెళగల్ సేన్లలో పండుతాదే, ఆ కాయ. పిట్టకొక ముక్క. తిన్న పిట్ట తిన్నట్టే నిలబడింది. ఒగ నిమిషం. రెండో నిమిషానికి దాని కాళ్ళ కింద మంచు సుయ్యిమని కరగడం మొదలుపెట్టె. గుండ్రంగ, గిన్నె లెక్క గుంత పడె. పిట్ట ఆ గుంతలో ఎచ్చగ కూర్చొని కండ్లు మూసుకునె. పెరడంతా గుంతలే, గుంతకొక పిట్ట."

"మంచు కరిగిందా?" మంజునాథ్ నోరు తెరిచాడు.

"కరగడమేంది, పొగలు వచ్చె. ఆ పొగ సూసి ఆడి రోడ్డాఫీసరు పరిగెత్తుకొని వచ్చినాడు. 'తిక్కయ్యగారూ, మా మిషన్లన్నీ మంచులో కూరుకుపోయినాయి, కొండ మీద బస్సులు ఇరుక్కున్నాయి, మీ పిట్టలను ఒగ పూట అప్పివ్వండి' అని సేతులు పట్టుకున్నాడు. నేను కాదంటానా? తలా ఒగ బజ్జీ పెట్టి రోడ్డుకు అడ్డంగ నిలబెట్టినా. సెయ్యి ఊపితి. కవాతు లెక్క నడిసినాయప్పా. అవి ముందర నడుస్తాంటే రోడ్డు ఎనక ఆరుకుంటా వచ్చె. బస్సులో ఆడోళ్ళందరూ కిటికీల్లోంచి నాకు దండం పెట్టిరి. నాకా దండం, ఆ పిట్టలకు పెట్టండమ్మా అంటి. నాకు గొప్పలు పడవు, మీకు తెల్సు గదా."

"మాకు తెల్వకపోతే ఎవరికి తెలుస్తాది" అన్నాడు పుల్లన్న.

కస్తూరమ్మ టీ వడపోస్తూ కొడుకు కోసం చూసింది. వీరేష్ ఆటో దగ్గర మూట తాడు బిగిస్తున్నవాడు పని వదిలి బెంచీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. వచ్చినవాణ్ణి తిక్కయ్య చూశాడు. చూసి గొంతు కొంచెం దించాడు. బేరగాడు సరుకు మీది గుడ్డ తీసే ముందు దించినట్టు.

"ఇదంతా పగటి మాట. పొద్దు గూకితే ఆడ సలి ఎట్లుంటాదో తెల్సునా? టీ పోస్తే గ్లాసులో పడేలోపల గడ్డ కడతాది, కొరుక్కొని తినల్ల. పిట్టల పరిస్థితి ఏంది? అప్పుడు నా సంచిలో మా అల్లుడు నేసిన దుప్పటి గుర్తొచ్చె. ఈ వీరేష్ నేసిందే. తీసి పెరట్లో పరిసినా. పరిసినానో లేదో, ఊళ్ళో పిట్టలన్నీ దాని కిందికి దూరె. ఆ దుప్పటికి ఆ ఎచ్చదనం యాడి నుంచి వచ్చెనో దేవునికే తెల్సు. తెల్లారి పోయి సూస్తే దుప్పటి ఇంతెత్తు ఉబ్బి ఊపిరి తీస్తాంది. లేపుదామని దాని మీద కాలు పెడితి..."

"పెడితే?"

"లేసింది! పిట్టలన్నీ ఒగటేసారి రెక్కలిప్పె. దుప్పటి లేసె, దుప్పటి మీద నేను లేసినా. దుంకుదామంటే మా అల్లుడు నేసింది ఇడిసిపెట్టబుద్ధి కాలే. కూర్చొని రెండు కొసలు పట్టుకుంటి. పెరడు సేటంత ఆయె, ఇల్లు అగ్గిపెట్టంత ఆయె, మనాలి ఊరంతా కలిపి దోసెంత ఆయె. కొండలు నా పాదాల కింద పోతాండాయి."

"దుప్పటి సినగలేదా మామా?" అని వీరేష్ అడిగాడు.

మనిషి ఆకాశంలో పోతున్నాడంటే మంజునాథ్‌కు భయమేసింది. పుల్లన్నకు నవ్వొచ్చింది. నేసినవాడికి మాత్రం దుప్పటి మీదే ధ్యాస. కొడుకు ముఖంలో ఆ వెలుగు కస్తూరమ్మ చూసింది. వాడు నమ్ముతున్నాడు. పిట్టలను నమ్మకపోవచ్చు, బజ్జీలను నమ్మకపోవచ్చు. తన దుప్పటిని ఎక్కడో ఎవరో మెచ్చుకున్నారంటే ఏ నేతగాడు నమ్మడు?

"ఒక పోగు తెగలేదప్పా!" తిక్కయ్య లేచి నిలబడ్డాడు. "కొండ కింద జనాలంతా తలకాయలు పైకెత్తి 'ఎవరు ఆ మనిషి' అని అడగలే. 'ఏ ఊరిది ఆ దుప్పటి' అని అడిగినారు. నేను పైనుంచే అరిసినా, ఎమ్మిగనూరని. అందుకే సెప్తాండా, ఈ మూట ఆడ దించితే సాలు, సాయంత్రానికి తాడు మాత్రం మిగులుతాది. తాడు కూడా అడుగుతారు."

"యాడ దిగినావన్నా మరి?" మంజునాథ్‌కు తాళ్ళ సంగతి అక్కర్లేదు.

"దిగనిస్తేనా! పిట్టలకు సరిహద్దు తెల్సునా? కొండ అవతలికి పోయె. ఆడ వేరే దేశం సిపాయీలు తుపాకులెత్తిరి. నేనేమో దుప్పటి మీద పద్మాసనమేసుకొని కూర్చోనుండా. ఇంగ అయిపాయె అనుకుంటి. ఆ పిట్టలు ఏం సేసెనో తెల్సునా? ముక్కులో దాసుకున్న ఉగ్గాని కిందికి రాల్సె. ఒగ సిపాయి నాలుక మీద పడె. రెండోవాడు వాని మూతి నాకె. తుపాకులు కింద పెట్టి రెండు సేతులూ సాపినారు, ఇంకొంచెమని. ఆ పూట ఆ సరిహద్దులో ఒగ గుండు పేలలేదు. పేపర్లో రాయరు ఇట్లాంటివి."

"ఎట్ల రాస్తారు, వాళ్ళకు కూడా ఇంట్లో పిల్లాజెల్లా ఉంటారు గదా" అన్నాడు పుల్లన్న.

"ఆడనే నాకు ఒగ బాతు కనపడె" అని తిక్కయ్య అందుకున్నాడు, గాలి ఎటు వీస్తే అటు పడవ పోనిస్తూ. "తెల్ల తల, దాని మీద రెండు నల్ల గీతలు. సలికాలమైతే మన తుంగభద్రకు దిగుతాదే, ఆ జాతి. నన్ను సూసి 'బాగుండావా తిక్కన్నా' అనె."

"తెలుగులోనా?"

"మల్ల? ఏటేటా మంత్రాలయం కాడ దిగి పోతాంటే మాట రాదా? సగం కన్నడం కలుస్తాది గాని, అర్థమైతాది. ఆ దినమే నాకు ఫోనొచ్చె, మా అక్క మెట్ల మీద నుంచి పడింది, తుంటి ఎముక ఇరిగింది, ఆదోని ఆస్పత్రిలో ఉందని."

కస్తూరమ్మ చేతిలో వడపోసే గుడ్డ ఆగిపోయింది.

"దారులన్నీ మూసుకుపోయినాయి. బస్సు లేదు, రైలు లేదు. నేను ఏడిసినానప్పా. ఏడిస్తే ఏమైంది, కన్నీళ్ళు బుగ్గల మీదనే గడ్డకట్టె, గోటితో గీరి తీసుకుంటి. ఆ బాతును సేతుల్లోకి తీసుకొని సెప్పినా, పోప్పా, మా అక్క కిటికీ మీద కూర్చో, తిక్కన్న పంపినాడని సెప్పు, ఆమె ధైర్యంగ ఉంటాది అని. అది అన్నం ముట్టకుండ ఆదోని దాకా ఎగిరె. ఏమక్కా, కూర్చోలేదా నీ కిటికీ మీద? సెప్పు వీళ్ళకు."

అందరూ ఆవిడ వైపు తిరిగారు.

ఆస్పత్రిలో ఆ రోజులు కస్తూరమ్మకు మరిచిపోయే రోజులు కావు. పక్క మంచాల దగ్గర అన్నలూ తమ్ముళ్ళూ క్యారియర్లు పట్టుకుని వచ్చిపోయేవాళ్ళు. వీరేష్ అటు మగ్గం, ఇటు అంగడి, మధ్యలో బస్సు ఎక్కి దిగి ముఖం పీక్కుపోయి ఉండేవాడు. "నీకు అన్నదమ్ములెవరూ లేరామా?" అని నర్సమ్మ అడిగితే "ఉండాడు తల్లీ, మంచులో సిక్కుకున్నాడు" అని చెప్పింది. గొప్పగానే చెప్పింది. వాడు అక్కడ చలికి ఎట్లా ఉన్నాడో అని తన తుంటి నొప్పి మరిచిపోయి దిగులుపడింది కూడా. ఇప్పుడు వాడు ఆ నొప్పిని కూడా ఉగ్గానిలో ఎర్రగడ్డలా తరిగి కథలో వేశాడు. ఆవిడకు చాలా కోపం వచ్చింది.

"నేను ఏ బాతునూ సూడలేదప్పా" అంది.

"నిద్రపోతాంటివేమోలే అక్కా. మందులిస్తారు గదా."

పుల్లన్న గ్లాసు బోర్లించాడు. "ఇంత సెప్తివి, ఒగ పోటో అయినా తీయలేదా అప్పా? నాలాంటి ముసిలోడు సచ్చేలోపల ఆ మంచు ఎట్లుంటాదో ఒగసారి సూసుకుంటా."

వేరేవాడైతే ఇక్కడ చిక్కుకునేవాడు. తిక్కయ్య జేబులోంచి ఫోను తీశాడు. అద్దం పగిలి సాలెగూడులా ఉంది. "ఉగ్గాని సల్లకముందు తీసింది. ఇంకా బాగున్నయి శానా ఉండె గాని, సలికి ఫోను గడ్డకట్టి పోయినాయి" అంటూ వీడియో పెట్టాడు. శబ్దం రాకుండా చేసి పెట్టాడు.

నిజంగానే తెలుపు! దిబ్బలు దిబ్బలుగా తెలుపు. దాని మీద పిచ్చుకలు గెంతుతున్నాయి, కాళ్ళు దిగబడుతుంటే రెక్కలు కొట్టుకుని పైకి లేస్తున్నాయి. మంజునాథ్ "అబ్బబ్బబ్బా" అన్నాడు. పుల్లన్న అద్దాలు లేని కళ్ళు చికిలించి చూసి ఫోను వీరేష్‌కు ఇచ్చాడు. మంచును సినిమాల్లో తప్ప చూడనివాళ్ళు, మంచు అని ముందే చెప్పి చూపిస్తే ఇంకేం చూస్తారు?

"అమ్మా, సూడుమా! నువ్వు నమ్మకపోతివి" అంటూ వీరేష్ ఫోను పట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చాడు.

"అక్కకెందుకప్పా, పొగకు కండ్లు మండుతాంటాయి, ఇట్ల తే" అని తిక్కయ్య చెయ్యి చాపాడు. ఇంతకుముందు ఈ వీడియో వేరే వీధుల్లో మగవాళ్ళకు చూపించాడు. అక్క దాకా ఒక్కసారి కూడా రానివ్వలేదు.

కస్తూరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని ఫోను అందుకుంది. ఒకసారి చూసింది. వేలితో మళ్ళీ మొదటికి జరిపించి ఇంకోసారి చూసింది. ఆవిడకు ఏమీ సందేహం లేదు. ఆ తెలుపు ఆవిడకు ఎంత తెలిసిన తెలుపంటే, చూస్తుండగానే ముక్కులో దురద పుట్టింది.

చెప్పాలా, ఊరుకోవాలా? చెబితే వీధిలో అందరి ముందరా తమ్ముడి పరువు పోతుంది, వాడు మళ్ళీ ఈ అంగడి మెట్టెక్కడు. ఊరుకుంటే ఆటో కదులుతుంది. మూట వైపు చూసింది. దానికి కట్టిన తాడు మీద వీరేష్ మూడు ముళ్ళు వేశాడు, ఒకటి చాలదని.

"తిక్కయ్యా, ఇట్ల రా" అంది. "ఈ మూలన ఉండే పిచ్చుక ముక్కున ఏమి కరుసుకునిందప్పా?"

తిక్కయ్య వంగి చూశాడు. "మంచక్కా. దప్పికైంటాది."

"దప్పికైతే మింగల్ల గదా. మింగలేదే. ఎత్తుకొని ఎగిరిపోతాంది, సూడు."

"పిల్లలకేమో. పాపం వాటికి దప్పిక గాదా?"

"అట్లనా. యాడికి పోతాందో సూస్తాం." ఆవిడ ఫోను అందరికీ కనబడేట్టు తిప్పి పట్టుకుంది. "ఇదో, రేకుల సందులోకి పాయె. ఇదో, ముక్కున ఉండేది గూటికి కుక్కుతాంది. మల్ల కిందికి వచ్చె. మల్ల ఇంత తెల్లది పీకె. సూసినావా, పీకితే దారం లెక్క సాగుతాంది. మల్ల పోయి కుక్కె. నాకు తెల్వక అడుగుతా తిక్కయ్యా, మంచుతో గూడు కట్టుకునే పిచ్చుకలుంటాయా మనాలిలో?"

ముందు పుల్లన్నకు అర్థమైంది. "ఒరే నాయనా" అని బెంచీ పట్టుకున్నాడు. నవ్వు ఆగక దగ్గు, దగ్గు ఆగక కళ్ళ నీళ్ళు. "జిన్నింగు మిల్లురా అది! ఆదోని జిన్నింగు మిల్లు! పత్తి కుప్పలప్పా అవి!"

"అది ఆరిన మంచు!" అన్నాడు తిక్కయ్య వెంటనే. ఆ మనిషికి ఆ గుణం ఉంది. నీళ్ళలో మునుగుతూ కూడా ఈత నేర్పుతానంటాడు. "మీకు తెల్దు, ఆడ బాగా సలి ముదిరినాక మంచులో తడి పోతాది. దూది లెక్క అయితాది. సాగుతాది కూడా. ఆడోళ్ళు దాన్ని..."

"వడుకుతారా?" అన్నాడు పుల్లన్న.

"ఆ ఆరిన మంచును నేను పెండ్లి కాకముందు ఎన్నేండ్లు ఏరినానో నీకు తెల్దా?" అంది కస్తూరమ్మ. గొంతు పెంచలేదు. "సాయంత్రం ఇంటికొస్తే అమ్మ నా తలలోంచి ఈ మంచే దువ్వెనతో దువ్వి తీసేది. నువ్వు పక్కన కూర్చొని అది ఊదుకుంటా ఆడుకునేటోడివి. మిల్లులో వాచ్‌మన్ పనో ఏదో సేసింటే తప్పేముందప్పా? ఎవరు నగుతారు? అక్కా, ఆదోనిలో ఉండానని ఒగ మాట సెప్పింటే సాలదా?"

తిక్కయ్య ఏదో అనబోయాడు.

"ఆస్పత్రిలో నా మంచం కిటికీ పక్కనే ఉండె. ఏ బాతూ రాలేదు గాని, ఈ మిల్లు రేకులు కనపడేటివి. దినామూ కనపడేటివి. వాటినే సూసుకుంటా, మా తమ్ముడు మంచులో యెట్లుండాడో తల్లీ అని రాఘవేంద్రస్వామికి మొక్కుకుంటి."

పుల్లన్న దగ్గు ఆగింది. వీరేష్ ఫోను తల్లి చేతిలోంచి తీసుకుని మామ చేతిలో పెట్టాడు. ఆటో దగ్గరికి పోయి మూటను రెండు చేతులతో కౌగిలించుకుని కిందికి దించి, భుజానికెత్తుకుని ఇంటి వైపు నడిచాడు. బరువుకు మెడ వంగిపోతున్నా మంజునాథ్‌ను సాయం పట్టనివ్వలేదు.

మంజునాథ్ ఖాళీ సీటు వైపు, తిక్కయ్య వైపు మార్చి మార్చి చూశాడు. "అయితే తిక్కన్నా, ఆ సిపాయీలు..." అని ఆగిపోయాడు.

తిక్కయ్య సంచి భుజాన వేసుకున్నాడు. మెడ సాగదీసి మఫ్లరు సర్దుకున్నాడు. "సరేలే, నమ్మినోళ్ళకు నమ్మినంత. ఈ యేడు నేనొక్కణ్ణే పోతా. నేను పోకపోతే ఆడ పిట్టలు సస్తాయి" అన్నాడు, ఎవరినీ చూడకుండా.

కస్తూరమ్మ ఒక గ్లాసు టీ పోసి, పైన మీగడ వేసి, తమ్ముడి ముందు పెట్టింది.

"తాగి పోప్పా, సలి దేశానికి పోతాండావు. మనాలికి పోయే ఆదోని బస్సు స్టాండులోనే ఉంది. ఇప్పుడెక్కితే ఉగ్గాని యాళకు మంచులో ఉంటావు."